దిబ్బ ఎక్కని కాలువ

గురువారం ఉదయం ఐదున్నరకు గాజువాకలో షేర్ ఆటో ఎక్కాను. చేతిలో లెవెల్ యంత్రం పెట్టె, భుజాన దాని మూడు కాళ్ళ స్టాండు, అంకెలు వేసిన మడత కర్ర. అరకు వెళ్తున్నానని మా ఆవిడకు చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదు.

కారణం ఇది. నేనొక చిన్న సర్వే కంపెనీలో పనిచేస్తాను. తొమ్మిదేళ్ళ క్రితం అరకు దగ్గర ఒక లోయలో చిన్న జలాశయానికీ, దాని కాలువకూ కొలతలు తీసింది నేనే. ఆ కాలువ చివరి ఊరికి నీళ్ళు చేరలేదు. ఎందుకని పైవాళ్ళు అడిగితే, ఆ ఊరి రైతులే నీళ్ళ కోసం మధ్యలో గట్టు తెగ్గొట్టారని రాసిచ్చాను. ఇప్పుడు జలాశయం ఎత్తు పెంచి కాలువలు పొడిగించే కొత్త ప్లాను తయారవుతోంది. పోయిన వారం ఆ కాగితాలు మా ఆఫీసుకు వచ్చాయి. ఆ ఊరి పేరు కొట్టేసి ఉంది. పక్కన కారణంగా నా పాత వాక్యమే ఉంది.

ఆరు యాభైకి విశాఖ స్టేషన్లో అరకు రైలు కదిలింది. మీరు వెళ్తే కుడివైపు కిటికీ పట్టండి, లోయలు అటే కనిపిస్తాయి. కొత్తవలసలో ఎక్కిన ఒకావిడ పనసకాయల బస్తా నా కాళ్ళ దగ్గర దించి, స్టాండు వైపు చూసింది.

"ఏటి బాబూ అది, పొటోలు తీసేదా?"

"కాదమ్మా, నేల ఎత్తుపల్లాలు చూసేది."

"అది సూడ్డానికి మిసనెందుకు? నీల్లు పోత్తే తెలీదా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. చీకటి వచ్చినప్పుడల్లా రైలు పెట్టెలో కుర్రకారు కేకలు వేశారు. బొర్రా గుహల దగ్గర సగం జనం దిగిపోయారు. పదకొండుకు అరకు చేరాం. స్టేషన్ బయట రెండు ఇడ్లీలు తిని, ఆటో మాట్లాడుకుని, పన్నెండు లోపే ఊళ్ళో ఉన్నాను.

గాసన్న చోడి చేలో, అదే రాగి చేలో, కలుపు తీస్తున్నాడు. అప్పట్లో నా కొలత కర్ర పట్టుకున్న రైతు ఆయనే. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడు గానీ లేచి రాలేదు. గట్టు మీద నిలబడే మొత్తం చెప్పాను. కొలతల రోజు వాన పట్టిందనీ, కాలువ దారిలో ఉన్న దిబ్బ దాకా నడవకుండా అరకు లాడ్జిలో కూర్చుని పాత మ్యాపు చూసి అంకెలు నింపాననీ, గట్టు తెగ్గొట్టారని రాసింది కూడా నేనేననీ.

ఆయన చేతిలోని కలుపు మొక్కల మట్టి దులిపాడు.

"నాను సెప్పినాను కదా బాబూ. నీరు ఈ దిబ్బెక్కదు, ఆ పక్కనుంచి తిప్పండని."

"చెప్పావు."

"మీరు నవ్వినారు. నీటికి నువ్వు దారి సెప్తావా అన్నారు."

ఆ మాట అన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. తొమ్మిదేళ్ళుగా ఆయనకు ఉంది.

అప్పుడు నడవని దారి ఇప్పుడు ఆయన వెనకాల నడిచాను. దిబ్బ దాకా వానాకాలంలో కొంచెం తడి ఉంటుందట. అక్కణ్ణుంచి సిమెంటు కాలువ ఎండి, పగిలి, మేకలు నడిచే బాటయింది. దిబ్బ మీద యంత్రం నిలబెట్టాను. గాసన్న అడక్కుండానే కర్ర తీసుకుని వెళ్ళి నిటారుగా పట్టుకున్నాడు. నా ప్లానులో రాసిన దానికంటే నేల మనిషెత్తు పైన ఉంది. ఎక్కడా గట్టు తెగిన గుర్తు లేదు. దిబ్బ అవతల, వస్తాయన్న నీటి కోసం వాళ్ళు మెట్లు మెట్లుగా చదును చేసుకున్న మళ్ళలో గడ్డి పెరిగింది.

"ఇవి సెయ్యడానికి ఊరంతటికీ రెండు ఏసవులు పట్టింది," అన్నాడు గాసన్న. అంతకుమించి తిట్టలేదు. తిడితే బాగుండేది.

వాళ్ళింటి అరుగు మీద కూర్చుని రెండు కాగితాలు రాశాను. ఒకటి ఈ రోజు కొలతలు. రెండోది, గట్టు తెగ్గొట్టారన్నది అబద్ధమని, తప్పు నాదేనని. చుట్టుపక్కల వాళ్ళు పదిమంది చేరారు. గాసన్న భార్య కొండమ్మ పైకి చదవమంది. చదివాను.

"మావు దొంగలం కాదని ఉందా అందులో?" అని అడిగింది.

"ఉందమ్మా."

"అయితే అది మల్లీ సదువు."

మళ్ళీ చదివాను. తర్వాత ఆవిడే చోడి అంబలి, పచ్చిమిరపకాయ పెట్టింది. తాగాలనిపించకపోయినా మిగల్చడానికి ధైర్యం చాలలేదు. రేపు ఉదయమే ఆఫీసులో ఇస్తానని చెప్పి లేచాను. గాసన్న లోపలికెళ్ళి చొక్కా మార్చుకుని, సంచీ భుజాన వేసుకుని వచ్చాడు.

"నానూ వత్తాను బాబూ. మీరిత్తంటే సూత్తాను."

నాకు కోపం రాలేదు. నమ్మమని అడిగే ముఖం నాకు లేదు.

నాలుగింటికి అరకులో విశాఖ బస్సు దొరికింది. ఇద్దరికీ టికెట్ తీయబోతే గాసన్న నా చెయ్యి పక్కకు జరిపి, తనది తనే తీసుకున్నాడు. అనంతగిరి మలుపుల్లో కాఫీ తోటల మీద ఇంకా ఎండ ఉంది. ఎవరికైనా ఈ లోయ చూడమనే చెప్తాను, అంత అందంగా ఉంటుంది. నాకు మాత్రం వెళ్ళేటప్పుడు ఒప్పుకుంటే బరువు దిగుతుందన్న ఆశ ఉండేది. దిగలేదు. ఒప్పుకున్నంత మాత్రాన ఆ మళ్ళలో గడ్డి పోదు.

ఆయన రాత్రికి మా ఇంట్లోనే ఉండాలి. ఇంటికి ఫోన్ చేసి, ఒక మనిషి ఎక్కువగా అన్నం వండమన్నాను.

"ఎవరండీ వచ్చేది?" అంది మా ఆవిడ.

అరకులో స్నేహితుడని చెప్పడం చాలా తేలిక. గాసన్న కిటికీ వైపు చూస్తున్నాడు గానీ వింటున్నాడు.

"నేను తప్పు చేసి, ఆ తప్పు ఎవరి మీద వేశానో ఆ మనిషి," అన్నాను.

"అయితే జాగ్రత్తగా తీసుకురండి," అని పెట్టేసింది. కాసేపటికి, నా ఒళ్ళో కాగితాల కవరు మలుపు మలుపుకూ జారిపోతుంటే, గాసన్న చెయ్యి చాచి తీసుకుని తన సంచీలో పెట్టుకున్నాడు.