నాన్న పడవకు ఆకుపచ్చ లైట్లు

ఈ రోజు నరసాపురం రేవులో మా నాన్నగారి పాత చెక్కపడవకు నీళ్లలో వెలిగే ఎల్ఈడీ లైట్లు బిగించాం. ఆ పడవలో ఇప్పుడు అన్నయ్య టూరిస్టులను తిప్పుతున్నాడు. నాకు నీలం రంగు ఇష్టం. మన గోదావరి మట్టినీళ్లలో ఆకుపచ్చే బాగా కనబడుతుందని అన్నయ్య అదే తెచ్చాడు.

ఒడ్డుకు లాగిన పడవ అడుగున డ్రిల్లు పెట్టబోతుంటే అమ్మ అడ్డం వచ్చింది.

“నీళ్లలో తిరిగేదానికి చిల్లు పెడతారా ఏంటి? మీ నాన్నుంటే ఊరుకునేవారా?”

“వైరు కోసమేనమ్మా. మళ్లీ మూసేస్తాం,” అన్నాడు అన్నయ్య.

డ్రిల్లు వేడికి, నీళ్లు దిగకుండా ఎప్పుడో నాన్న చెక్కకు పట్టించిన గుగ్గిలం కరిగి సన్నగా పొగ లేచింది. ఏటా వేసవిలో పడవ బాగుచేసుకుని ఇంటికొచ్చినప్పుడు ఆయన చేతులకు ఉండే వాసన అది. ఆయన పోయాక మళ్లీ ఇవాళే తగిలింది. అమ్మ వంగి ఆ చిల్లు దగ్గర వాసన చూసింది.

“రెండో చిల్లు కూడా పెట్టరా,” అంది.

సాయంత్రం పడవ కింద నీళ్లు పచ్చగా వెలిగాయి. లోపలికి చుక్క నీరు రాలేదు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే నేను మాత్రం గుగ్గిలం అంటిన నా వేళ్లు వాసన చూసుకుంటూ కూర్చున్నాను.

మీ నాన్నగారి చేతులు ఏ వాసన వచ్చేవండీ?