కస్తూరి అని అమ్మినది

ఎన్నో ఏళ్లుగా ఒక విషయం మింగలేక, కక్కలేక మోస్తున్నాను. ఇప్పుడు అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పుంగనూరులో నాకు పూజా సామాన్ల అంగడి ఉండేది. అగరబత్తీలు, సాంబ్రాణి, అత్తర్లు. కస్తూరి కూడా ఉందనేవాణ్ణి. అసలు కస్తూరి మంచుకొండల్లో తిరిగే మగ జింక బొడ్డు దగ్గర చిన్న తిత్తిలో పుడుతుంది; ఆ తిత్తినే కాయ అంటారు. దానికోసం జింకను చంపేవాళ్లు, ఇప్పుడది నేరం. నాకు బెంగళూరు నుంచి డబ్బాల్లో వచ్చేది ఫ్యాక్టరీలో తయారైన వాసన నూనె. సబ్బుల్లో, అగరబత్తీల్లో కలిపేది. అందులో తప్పేముంది? ఏమీ లేదు. నేను అక్కడితో ఆగలేదు. మేకపిల్ల తోలును వెంట్రుకలు పైకి ఉండేలా కాయలా కుట్టి, లోపల ఎండిన నెత్తురు పొడి కూరి, ఆ నూనె చుక్కలు పోసేవాణ్ణి. వెల్లుల్లిలో గుచ్చిన దారాన్ని కాయలోంచి లాగితే వెల్లుల్లి వాసన పోవాలి, అసలు కస్తూరికి అదీ పరీక్ష. నా వేళ్లకు ముందే నూనె రాసుకుని దారం లాగేవాణ్ణి. అందరూ నమ్మేవారు.

గుడుపల్లె దగ్గర గొర్రెలు మేపుకునే గంగులమ్మ పుంగనూరు సంతకు వచ్చినప్పుడు కూతురి ఆయాసానికని ఒక కాయ కొనుక్కుపోయింది. తమలపాకు రసంలో రవ్వంత పొడి కలిపి నాలుకకు రాయమని నేనే చెప్పాను. కుప్పం ఆసుపత్రికి తీసుకుపోవాలా అని అడిగింది. దీంతో తగ్గకపోతే అప్పుడు చూడొచ్చులే అన్నాను. ఎందుకన్నాను? డాక్టరు మాట వస్తే బేరం పోతుందనా? ఇన్నేళ్లు వెతికినా నాకు అంతకన్నా పెద్ద కారణం దొరకలేదు.

కొన్నాళ్లకు ఆమె మళ్లీ వచ్చింది. కూతురు పోయిందట. ఆయాసం ఎక్కువైతే కస్తూరి రాస్తూ కూర్చుందట, ఆటో పిలిచేసరికి ఆలస్యమైందట. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. కొంగు ముడి విప్పి ఆ కాయను నా ముందు పెట్టింది.

“నీకాడే పెట్టుకోప్పా. ఇంగా శానా మిగిలుండాది. ఇంగెవురి బిడ్డకన్నా పనికొస్తాది.”

కాయను గల్లాపెట్టె పక్కకు జరిపాను.

“నీ మందుది తప్పు లేదప్పా. అయిపోతాదని నేనే కొంచెం కొంచెం రాస్తిని. నా పిసినారితనంతో నేనే సంపుకుంటిని బిడ్డని.”

“ఊరుకోమ్మా. మన సేతుల్లో ఏముండాది,” అన్నాను.

అందులో మందే లేదమ్మా అని ఒక్క మాట అనుంటే ఆమె నన్ను కొట్టేది, కానీ తనను తాను కొట్టుకోవడం మానేది. అది తెలిసీ ఆ మాట అనలేదు. ఓదార్చినవాడిలా నిలబడ్డాను.

ఇంతవరకైతే ఎవరికైనా చెప్పుకోగలిగేవాణ్ణేమో. ఆ కాయను నేను పారేయలేదు. వాసన తగ్గిందని ఇంకాస్త నూనె పోసి, పెద్దపంజాణి నుంచి పసిబిడ్డ కోసమని వచ్చిన ఒక తాతకు అమ్మాను. ఆ బిడ్డ ఏమైందో నాకు తెలియదు. కనుక్కోలేదు.

అంగడి మూసేసి మదనపల్లెలో ఉంటున్నాను. గంగులమ్మ ఇప్పటికీ తనను తానే తిట్టుకుంటూ ఉంటుందని ఆ వైపు వాళ్లు చెప్పారు. వెళ్లి నిజం చెప్పాలి. వెళ్తానని మీకు మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఆమె తిరిగిచ్చిన దాన్ని మళ్లీ అమ్మానని రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం తేలికైంది. తేలికైనందుకు సిగ్గుగా ఉంది.