దుర్గ నేర్చుకున్న మెత్తటి హలో

దుర్గ ఫోనెత్తి “హలో” అందంటే ఆ వీధి మొత్తానికీ ఫోనొచ్చినట్టే. ఎదురింటివాళ్లు గుమ్మంలోకొచ్చి మరీ “ఎవరే, దుర్గా?” అని అడిగేవారు. పాపం, ఆమె తప్పేం లేదు. విస్సన్నపేట దగ్గర పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ మామిడితోటల్లో చిలకల్ని తోలుతూ పెరిగిన గొంతు అది. పెళ్లయి నూజివీడు పక్కకొచ్చాక కాయ కోసే ముఠాకి మేస్త్రీ అయింది. ఆడవాళ్లు ఈ చెట్టు కింద ఒకరు, ఆ చెట్టు కింద ఒకరు. గుసగుసలాడితే పని సాగుతుందా?

కానీ తోట ఆసామి బసవపున్నారావు చెవి కూడా మనిషి చెవే కదా. ఈ ఏడు కోతలకు ముందే తెగేసి చెప్పాడు.

“దుర్గా, ఫోన్లో ఇంకొక్కసారి అరిచావంటే మైలవరం ముఠాని పిలిపించుకుంటాను. చెవులు గింగురుమంటున్నాయి.”

ఆ తోట పోతే ముఠాలో అందరికీ వేసవి పని పోయినట్టే. ఆ సాయంత్రమే డిగ్రీ చదువుతున్న కూతురు ప్రవల్లికను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. గరిటెని ఫోనులా చెవికి ఆనించుకుని, “హలో!” అంది.

“అమ్మా, గోడ మీద బల్లి పారిపోయింది. ఇంకా తగ్గించు.”

“అసలీ మాట ఎవడు పెట్టాడే నా ప్రాణానికి?”

ప్రవల్లిక ఫోన్లో వెతికి, చదువుతూ చదువుతూ పకపకా నవ్వేసింది.

“అమ్మా, ఇది మొదట్లో కేకేనంట! దూరంగా ఉన్నోళ్లని పిలిచే అరుపు. ఏటి అవతలున్న పడవవాణ్ణి పిలవడంలోంచి పుట్టిందని కూడా కొందరంటారంట. టెలిఫోను వచ్చాకే ఇలా పలకరింపైంది. ఫోను కనిపెట్టినాయనకైతే ఈ మాటే నచ్చలేదంట. ఓడలోళ్లు పిల్చుకున్నట్టు ‘అహోయ్’ అనమన్నాడంట.”

“అహోయ్!” అంది దుర్గ. పక్కింటి గేదె లేచి నిలబడింది. అన్నం తింటున్న మొగుడు రాములుకి నవ్వుతో పొలమారింది.

“అయితే నేనే సరిగ్గా అంటున్నానన్నమాట!” దుర్గ మురిసిపోయింది.

“ఆ ముక్క బసవపున్నారావు గారికి చెప్పు,” అన్నాడు రాములు. దాంతో ఆమె మళ్లీ గరిటె అందుకుంది.

మర్నాడు పొద్దున్నే ముఠా తోట గేటు దగ్గర నిలబడింది. ఆసామి తోటకి ఆ చివర షెడ్డులో ఉన్నాడు. అక్కణ్ణుంచే దుర్గకి ఫోను చేశాడు.

“హలో అండీ,” అంది దుర్గ, పసిపిల్ల నిద్ర చెడుతుందేమో అన్నంత మెల్లిగా.

“హలో?” అన్నాడాయన.

దుర్గకి భయం పట్టుకుంది. ఇంకా తగ్గించింది. “హలో అండీ...”

“హలో! ఎవరూ పలకరేం? హలో! హలోఓఓ!”

చివరి హలో ఫోన్లోంచి రాలేదు, చెట్ల మీదుగా వచ్చింది. కొమ్మల్లోంచి చిలకలు గుంపుగా లేచాయి. ముఠాలో ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

“రాకపోతే మానెయ్యండి! మైలవరం వాళ్లనే పిలుస్తాను!” అని చెట్ల మీదుగానే ఇంకో కేక వచ్చింది.

దాంతో నేర్చుకున్నదంతా గాలికి పోయింది. దుర్గ ఫోను కట్ చేసి రొంటిన దోపుకుని, రొమ్ము నిండా ఊపిరి పీల్చుకుంది.

“హలోఓఓ! బాబుగారూ! ఇక్కడే ఉన్నామండీ! ఏ వరస కొయ్యమంటారూ?”

వాలబోతున్న చిలకలు మళ్లీ లేచాయి. దుర్గ నాలిక్కరుచుకుంది.

“రసాలు ముందూ! బంగినపల్లి రేపూ!” అని జవాబొచ్చింది. కాసేపాగి, “దుర్గా, ఫోను పెట్టేశావా ఏంటీ?”

“ఎప్పుడో పెట్టేశానండీ!”

అవతల నుంచి ఆసామి నవ్వు వినబడింది. అది కూడా కేకంత ఉంది.

“ఇంక ఫోనెందుకులే! రేపట్నుంచి కేకెయ్యి!”

దుర్గకి సంతోషం పట్టలేక కళ్లలో నీళ్లు తిరిగాయి. అలాగేనండీ అని ఆమె అరిచిన అరుపుకి, ముఠా అంతా గొంతు కలిపింది.