పొగ తగిలిన ఆకు

కెంచార్లహళ్ళిలో చౌడమ్మ పట్టుపురుగుల పెంపకానికి పెట్టింది పేరు. పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గడప ముందు సున్నం చల్లేది. పొయ్యి మీద తిరగమోత వేసేది కాదు. బీడీ తాగినవాళ్ళను లోపలికి రానిచ్చేది కాదు. పదిహేనేళ్ళలో ఆమె పంట ఒక్కసారీ పోలేదు.

1986 వేసవిలో భర్త తిమ్మరాయప్ప చింతామణి నుంచి బండెడు పాత టెలిఫోన్ తీగలు, విరిగిన రేడియోలు తెచ్చాడు. పాత సామాన్ల వ్యాపారి ముద్దుకృష్ణ వేలంలో పాడుకున్న సరుకు అది. కాల్చి, రాగి తీసివ్వాలి.

"రాగి నాకియ్యప్పా, పొగ నువ్వే పెట్టుకో," అని నవ్వాడట ముద్దుకృష్ణ.

"ఇంట్లో పురుగుల్ని పెట్టుకొని నిప్పేందప్పా నీకు?" అంది చౌడమ్మ. "యాడన్నా దూరంగా కాల్చుకో. పొగ ఇంటిపక్క రాకూడదు."

అతను మాట విన్నాడు. గాలి చూసుకుని, తమ మల్బరీ తోట గట్టున కాల్చాడు. పది రోజులు నల్లటి పొగ ఇంటివైపు రానేలేదు. తోట మీదుగా పోయింది. ఇల్లు కాపాడుకున్నామనే ఇద్దరూ అనుకున్నారు.

పురుగులు చివరిసారి పొర విడిచాయి. ఇక గూడు కట్టేదాకా ఆగకుండా తినాలి. అవతలి సాళ్ళ ఆకు అయిపోవడంతో చౌడమ్మ గట్టు పక్క ఆకు కోసి వేసింది. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపాయి. చాలావరకు ఆకు ముట్టలేదు. కొరికినవి సాయంత్రానికి పచ్చటి నీళ్ళు కక్కాయి.

"ఎవరి కన్నో తగిలిండాది," అన్నాడు తిమ్మరాయప్ప.

ఆమె ఊరికి అటువైపున్న గంగప్ప తోటనుంచి గంపెడు ఆకు అడిగి తెచ్చి, ఒక్క తట్టలోని పురుగులకు వేసింది. ఆ తట్టలో పురుగులు తిన్నాయి. తమ తోట ఆకును కొంగుతో తుడిచి చూసింది. కొంగు నల్లబడింది.

"కన్ను గాదు. నీ పొగ."

"కడిగి వేస్తే?"

"కడిగీ వేసినా. చూడు పో."

గంగప్పకు తన పురుగులకే ఆకు చాలదు. మూడో రోజుకు మిగతా వాటితోపాటు ఆ ఒక్క తట్టలో పురుగులు కూడా ఆకలితో చచ్చిపోయాయి.

చౌడమ్మ తట్టలన్నీ పెరట్లో బోర్లించింది. కోళ్ళు పరుగున వచ్చాయి. ఆ విషం వాటికీ ఎక్కకూడదని కట్టెతో అదిలించింది. తిమ్మరాయప్ప పార తెచ్చాడు.

"గుంత యాడ తవ్వేది? తోటలోనా?"

"ఆ మన్నుకింకా విషం పెట్టాల్నా? వద్దు."

"బావి దగ్గర?"

"తాగేది ఆ నీళ్ళే గదప్పా."

"మరి యాడనో చెప్పు."

చౌడమ్మ చుట్టూ చూసింది. పూడ్చడానికి చోటేదీ కనబడలేదు. కోళ్ళు మళ్ళీ దగ్గరికొచ్చాయి.