బాబా మరిచిపోయిన చరణం

కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి పెద్దాయనకు ఊద్ అనే తంతివాద్యం వాయించుకోవడం తప్ప వేరే లోకం లేదు. ఆయన్ని బాబా అనేదాన్ని, ఇంటి యజమానురాలైన ఆయన కూతుర్ని మామా అనేదాన్ని. బాబా చిన్నతనంలో అక్కడ యూదు పాటగాళ్ళు ఉండేవారట. తర్వాత వాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయారు. పాటలు జనం నోట మిగిలాయి గానీ, కట్టినవాళ్ళ పేర్లు ఎవరూ ఎత్తరు. అదే బాబాకు కడుపుమంట. ఆ పాటలన్నీ పెట్టెడు క్యాసెట్లలో దాచుకుని పొద్దస్తమానం వేసేవాడు. గిన్నెలు తోముతూ నేనూ వినేదాన్ని. మొదట్లో చెవులు మూసుకోవాలనిపించేది, నిజం చెప్తున్నా.

ఇరాక్ సైన్యం వచ్చాక ఒకరోజు పట్టపగలే సైనికులు ఇంట్లోకి దూరారు. టీవీ, టేప్‌రికార్డర్, క్యాసెట్ల పెట్టె ఎత్తుకుపోయారు. అంతకుముందు కారు ఎత్తుకుపోయినప్పుడు నోరు మెదపని మనిషి, పెట్టె పోయాక నేల మీద కూలబడ్డాడు. మర్నాటి నుంచి గుర్తున్న పాటలన్నీ నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాడు. ఒక పెళ్ళిపాట మాత్రం రెండో చరణం తర్వాత ఆగిపోయింది. అది తెలిసినవాళ్ళు తన ఎరుకలో ఇంకెవరూ మిగల్లేదన్నాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రొట్టెల కోసం గంటలకొద్దీ క్యూలో నిలబడేది నేను, తిననని మొండికేసేది ఈయన! ఆ కోపంలోనే పళ్ళెం ఆయన ముందు పెట్టి, మూడో చరణం ఎత్తుకున్నాను.

బాబా పెన్ను అందుకున్నాడు. "అర్థం తెలుసా నీకు?" అన్నాడు.

"అర్థంతో నాకేం పని బాబా? దినామూ ఆ పాటలు ఇంటా ఉంటి గదా, నోటికొచ్చేసింది."

"యల్లా, మళ్ళీ పాడు."

ఇక్కడే చిక్కొచ్చింది. మా నాయన కడప దగ్గర చెక్కభజన గురువు. గురువు ఒక పాదం అంటే వెనకున్నవాళ్ళు అదే తిరిగి అనాలి. ఏ పాటైనా నాకు అలాగే పట్టుబడుతుంది. అందుకని ప్రతి పాదం రెండుసార్లు పాడుతున్నాను. "ఖలాస్! ఒకసారి చాలు," అని బాబా కసిరాడు. ఒకసారితో ఆపితే తర్వాతి పాదం నాకు తోచదు.

"అట్లయితే ఎనకాల నువ్వు అను బాబా," అన్నాను.

గొణుక్కుంటూనే అన్నాడు. నేనొక పాదం, ఆయన అదే పాదం. నా పలుకు తప్పినచోట తిట్టుకుంటూ, దిద్దుకుంటూ రాసుకున్నాడు. సాయంత్రానికి చరణం నిండింది. అప్పుడు తిన్నాడు, చల్లారిపోయిన అన్నమే.

తర్వాత కొన్నాళ్ళకు మన దేశం వాళ్ళందరితో పాటు నేనూ, ఇంటికి విమానం దొరికే అమ్మాన్‌కు వెళ్ళే బస్సెక్కాల్సి వచ్చింది. బయల్దేరే ముందు బాబా పుస్తకం తెరిచి ఆ పాట చూపించాడు. నాకు అరబ్బీ చదవడం రాదు. మామా వేలు పెట్టి చదివి చెప్పింది. పైన ఉన్నది పాట కట్టిన యూదు పాటగాడి పేరు. కింద ఉన్నది, బాబా అది ఎవరి నోట నేర్చుకున్నాడో వాళ్ళ పేరు.

అది నా పేరు. అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు మీద తప్ప ఆ దేశంలో నా పేరు ఇంకెక్కడా ఉండదనుకున్నాను. బాబా ముందే ఏడ్చేశాను.