దూడ పుట్టకముందే పంచిన జున్ను

1974 డిసెంబరు, ఒక ఆదివారం మధ్యాహ్నం. రంగూన్, తామ్వేలో మా పెరడు. ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, నేను, ఈనలేక అవస్థ పడుతున్న మా ఎర్రావు. తర్వాత పక్కింటి బర్మా ఆమె డో మ్యా వచ్చింది.

దయ్యాల మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. బాప్టిస్టు ఇంట్లో పెరిగాను. చూసింది చూసినట్టు ఏ రోజుకారోజు డైరీలో రాసుకోవడం చిన్ననాటి అలవాటు. ఆ రోజు రాసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

అప్పుడు నేను సైన్సు చదివే కుర్రాణ్ని. పశువైద్య కాలేజీలో సీటు కోసం చదువుతున్నాను. విద్యార్థుల గొడవలతో యూనివర్సిటీ మూసేశారు. ఊళ్లో కర్ఫ్యూ. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. విదేశీ పుస్తకాలు రావడం ఎన్నడో ఆగిపోయింది. పబేడాన్ వీధిలో దొరికిన అట్టలేని పాత పశువైద్య పుస్తకమే నాకు గురువు. నాన్న ఓడరేవులో పని చేసేవాడు. మర్నాడు నన్నూ అక్కడే పనిలో పెడతానన్నాడు.

ఎర్రావుకు తెల్లారినప్పటి నుంచి నొప్పులు. దూడ ముందుకాలు ఒకటి బయటికొచ్చింది, రెండోది రాలేదు. పశువుల డాక్టరు ఊళ్లో అవతల లత అనే పేటలో ఉంటాడు. దారిలో సైనికులు ఆ రోజు ఎవరినీ కదలనివ్వడం లేదు.

చేతికి సబ్బు, నూనె రాసుకుని లోపల పెట్టి చూశాను. మోకాలు మడతపడి ఉంది. తెలిసింది గాని, సరిచేసే ధైర్యం చాలక చెయ్యి బయటికి తీసేశాను.

"పుస్తకం సదివి దూడని లాగీగలవేటి?" అన్నాడు నాన్న. "సందు సివర కసాయోడికి కబురెడతాను. నువ్వు రేపు నాతో పోర్టుకి రా."

"మీయమ్మ పెంచిన ఆవది. ఆ మాటనొద్దు," అంది అమ్మ.

నేను చేతులు కడుక్కుంటున్నాను. చదువు సంగతి అక్కడితో తేలిపోయిందనే అనుకున్నాను.

అప్పుడు డో మ్యా చేతిలో ఇత్తడి గిన్నెతో వచ్చింది. రెండేళ్లు మాండలేలో కొడుకు దగ్గరుండి ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చింది. గిన్నెలో తాటిబెల్లం ముక్కలున్నాయి. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పిపంపకూడదని ఆమెకు మా నాయనమ్మే నేర్పింది.

"రత్నం, జున్ను బాగుంది," అంది అమ్మతో, బర్మా భాషలో. "మీ అత్తగారికి నామీద కోపమా? పొద్దున్న గుమ్మంలో నిలబడి గిన్నె ఇచ్చింది, నవ్వింది. ఒక్క మాటా మాట్లాడలేదు. రెండేళ్లు కనబడకపోతే అంత బెట్టా?"

నాయనమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. డో మ్యాకి ఆ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

గిన్నె నాయనమ్మదే. అంచుకు సొట్ట, అడుగున మాటు. ఆమె పోయాక అమ్మ దాన్ని ఆమె చీరతోపాటు పెట్టెలో పెట్టి తాళం వేసింది. మా సందులో ఇంకో ఆవు లేదు. ఉన్న ఆవు ఈనితే గాని జున్నుపాలు రావు.

అమ్మ లోపలికి వెళ్లి చూసింది. తాళం వేసినట్టే ఉంది. పెట్టెలో చీర ఉంది, గిన్నె లేదు.

నాన్నే ముందు తేరుకున్నాడు.

"మాయమ్మ జున్ను పంచేసినాదట," అన్నాడు మెల్లగా. "ఇంకేటి సూత్తున్నావురా? సెయ్యెట్టు."

నా భయం పోలేదు. అయినా మళ్లీ నూనె రాసుకుని చెయ్యి పెట్టాను. దూడను వెనక్కి నెట్టి, లోపల గీసుకోకుండా గిట్టను అరచేత్తో మూసిపట్టి, కాలు ముందుకు తెచ్చాను. ఆవుకు నొప్పి వచ్చినప్పుడల్లా నాన్న నాతోపాటు లాగాడు. పొద్దుగూకేలోపు దూడ పడింది. ఊపిరి లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పాను. తుమ్మింది. పెయ్యదూడ.

ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో దూడలను తీశాను. ఆ గిన్నె పెట్టెలోంచి ఎలా బయటికొచ్చిందో, అందులో ఏ ఆవు జున్ను ఉందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

మర్నాడు పొద్దున్న, దూడ తాగగా మిగిలిన పాలలో డో మ్యా ఇచ్చిన బెల్లమే వేసి అమ్మ జున్ను వండింది. అదే గిన్నెలో నేను పట్టుకెళ్లాను. ముందురోజు హడావిడిలో చెప్పకుండా ఉండిపోయిన నాయనమ్మ సంగతి కూడా చెప్పి రావాలి.

డో మ్యా గిన్నెలోకి చూసి నవ్వింది. "నిన్ననే తిన్నాం కదయ్యా, మళ్లీనా?"

చెప్పాను. ఆమె గిన్నెను చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తర్వాత కాస్త నోట్లో వేసుకుని, "అదే రుచి," అంది.

ఇంటికొచ్చేసరికి నాన్న ఒక్కడే పోర్టుకు వెళ్లిపోయాడు. పెరట్లో వదిలేసిన నా పుస్తకం, బురద తుడిచి, బల్లమీద పెట్టి ఉంది.