ఒడిబియ్యంలో దొంగ రూపాయి

కిందటి నెల నంద్యాలలో ఒక పాత నాణేల దుకాణం ముందు ఆగి, అద్దం వెనకున్న వెండి రూపాయిని చూసి నవ్వుకున్నాను. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి, ఆనాటి నకిలీ అని ధ్రువపత్రం జతచేసి, పక్కనున్న మంచి రూపాయి కంటే ఎక్కువ ధర పెట్టారు. దొంగ నాణేలను కూడా తూచి, ఫొటో తీసి, పత్రం రాసి సేకరించేవాళ్లకు అమ్ముతారని అప్పుడే తెలిసింది. తలెత్తి బోర్డు మీది పేరు చదివాక ఆ నవ్వు నిలవలేదు.

ఆళ్లగడ్డలో మాది ఒకప్పుడు పెద్ద ఇల్లు. ఇప్పుడు పేరు తప్ప మిగిలిందేమీ లేదు గానీ, ఒకరి ముందు తల వంచడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. మా ఇంటికి వచ్చే కోడలి ఒడి నింపేటప్పుడు బియ్యంతో పాటు తాతగారి నాటి వెండి రూపాయలు ఐదు పెట్టడం ఆచారం. నా పెళ్లికి ముందు వాటిని ఒకసారి చూపిద్దామని నాయన నంద్యాల నుంచి నాణేలు పరీక్షించే సాయిబును పిలిపించాడు. ఆయన రూపాయిని బండ మీద వేసి మోత వినేవాడు, చిన్న త్రాసులో తూచేవాడు, అంచు గీతలను గోటితో తడిమేవాడు. దొంగదని తేలితే పలచటి కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును తన నోటుపుస్తకంలో అతికించుకునేవాడు. దాన్ని ఉలితో కోసి పారేస్తామంటే ఒప్పుకునేవాడు కాదు, అదీ ఎవరో కష్టపడి చేసిన పనేనని.

ఆ రోజు ముహూర్తం మాట్లాడటానికి వచ్చిన ఆడపిల్ల వాళ్లు వసారాలో కూర్చుని ఉన్నారు. నాలుగు రూపాయలు ఖంగుమన్నాయి. ఐదోది మొద్దుగా పలికింది. సాయిబు నాయన చెవి దగ్గర మెల్లగానే చెప్పాడు గానీ, అందరికీ వినిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మా ఇంట్లో దొంగ రూపాయా? సరిగ్గా చూడు సాయిబూ," అన్నాను.

"చూసినా నాయనా. రూపాయి దొంగదైతే మీ తాత దొంగైతాడా యాడన్నా? ఆయప్పకూ ఎవరో అంటగట్టింటారు."

"బియ్యమన్నా మంచివేనా అప్పా, అవీ చూపించల్లా?" అన్నాడు ఆడపిల్ల తరఫు పెద్దాయన ఒకడు, మీసం చాటున నవ్వుతూ.

ఆ ఎగతాళికి ఓర్చుకోలేక, సాయిబే మంచి రూపాయి తీసుకుని దొంగది పెట్టాడని నలుగురూ వినేట్టు అనేశాను. అబద్ధమని నాకు తెలుసు. ఆ రూపాయి మీద రాణి బొమ్మ చెంప దగ్గరి సొట్టను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి. నాయనకూ తెలుసు, అయినా ఐదు రూపాయలూ ఏరి మూటగట్టుకున్నాడు. సాయిబు త్రాసు సంచిలో పెట్టుకుని, తాంబూలం ముట్టకుండా మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డలో ఆయనను ఎవరూ పిలవలేదు.

బోర్డు మీద ఉన్నది ఆయన పేరే. దుకాణం నడుపుతున్నది ఆయన కూతురు. వారం తర్వాత మా ఇంటి దొంగ రూపాయి తీసుకుని మళ్లీ వెళ్లాను. అమ్మడానికే వెళ్లాను, దాచడమెందుకు. ఆమె తూచి, ఫొటోలు తీసి, ఒక కాగితం నా ముందుకు జరిపింది. ఈ నాణెం తాతల నాటి నుంచి మా ఇంట్లోనే ఉందనీ, ఎన్నడూ మారలేదనీ దాని మీద రాసి ఉంది. సంతకం పెడితేనే ధ్రువపత్రం. పెడితే, ఆనాటి నా మాట అబద్ధమని నా చేత్తో రాసిచ్చినట్టే. చివరికి ఇంటిపేరుతో సహా పెట్టాను.

ఆమె చదివింది. కోపం తెచ్చుకోలేదు. "మా నాయన పోయేదాంక ఆళ్లగడ్డ మీద పోయే బస్సు ఎక్కనేలేదు పెద్దాయనా," అని మాత్రం అంది. ధ్రువపత్రంలో నకిలీ అని గుర్తించినవారు అన్నచోట ఆయన పేరు రాసింది.

ఇప్పుడు దొంగ రూపాయిని కూడా, నువ్వు ఫలానా అని ఉన్నదున్నట్టు చెప్పి, మర్యాదగా డబ్బాలో పెడుతున్నారు. మా రోజుల్లో పరువంటే ఎదుటివాడి నోరు మూయించడమే అనుకున్నాం. నా సంతకం చూడవలసినవాళ్లలో ఇప్పుడు ఒక్కరూ లేరు. వాళ్లు కూర్చున్న ఆ వసారా కూడా లేదు.